కంపెనీ కుర్రాడే మేస్టారయ్యాడు

ఇల్లొదిలి నాటకాల కంపెనీలో కలిసిపోయిన కుర్రాళ్ల కథలు మన ఊళ్లలోనూ బోలెడు. చాలా కథలకు చివర్లో ఊరు చెప్పే తీర్పు ఒకటే: పిల్లాడు చెడిపోయాడు. దక్షిణ కన్నడ జిల్లా బంట్వాళ తాలూకాలోని మంచి అనే పల్లెలో 1929లో పుట్టిన బాబుకోడి వెంకటరమణ కారంత్ ఆ తీర్పుకు దొరకలేదు. మూడో తరగతిలో కన్నడ కవి కువెంపు నాటకం ‘నన్న గోపాల’లో వేషం కట్టాడు. కొన్నాళ్లకు ఇంట్లోంచి పారిపోయి గుబ్బి వీరన్న కంపెనీలో తేలాడు. మనకు ‘కాళహస్తి మహాత్మ్యం’లో కన్నప్పగా తెలిసిన రాజ్‌కుమార్ అక్కడ ఆయనకు తోటి నటుడు. ఇంట్లోంచి పారిపోయి వచ్చిన ఆ కారంతే 1977లో ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాకు డైరెక్టరయ్యాడు.

ఇందులో వీరన్న చలవ ఎంతో ఉంది. వేషాలేసే కుర్రాణ్ని పై చదువుకు కాశీ పంపిన కంపెనీ యజమానులు ఎంతమంది ఉంటారు? కాశీలో హిందీ ఎమ్మే అయింది, పండిత్ ఓంకార్‌నాథ్ ఠాకూర్ దగ్గర హిందుస్తానీ సంగీతం అబ్బింది. 1962లో డ్రామా స్కూల్ చదువు పూర్తయింది. అక్కడ చదివినవాళ్లు కంపెనీ నాటకాన్ని వెక్కిరించడం పెద్ద వింతేమీ కాదు: రంగురంగుల తెరలు, సాగదీసిన పాటలు, వన్స్‌మోర్లు. కారంత్‌కు మాత్రం ఆ చిన్నచూపు అంటలేదు. ఆయన పాఠం మొత్తానికి మూలం ఇదేనని నాకనిపిస్తుంది.

1972లో బెంగళూరు రవీంద్ర కళాక్షేత్ర ఆరుబయట ఆయన ఆడించిన మూడు నాటకాలు కన్నడ రంగస్థలాన్ని ఒక్క కుదుపు కుదిపాయి. కంబార ‘జోకుమారస్వామి’, లంకేశ్ ‘సంక్రాంతి’, గ్రీకు ‘ఈడిపస్’. మాటల మధ్య ఊపిరి తీసుకోవడానికి పెట్టే పాటలా కాకుండా, సంగీతం అక్కడ కథనే నడిపింది. చేతికందిన ప్రతి వస్తువునూ వాయించి చూసేవారు. గుంపులో నిలబడ్డ నటుడి గొంతు కూడా ఆయనకు వాయిద్యమే.

ఢిల్లీ కుర్చీలో కూర్చున్నాకా పద్ధతి మారలేదు. షేక్స్‌పియర్ ‘మాక్‌బెత్’ను హిందీలో ‘బర్నమ్ వన్’గా, తన ఊరి యక్షగానం నడకలో ఆడించారు. గాంధీగ్రామ్, మదురై దాకా వెళ్లి శిక్షణ శిబిరాలు నడిపారు. పిల్లల నాటకమంటే పెద్దలకు చెప్పగా మిగిలిన పని అనుకునే రోజుల్లో, ఆ కుర్చీకి ముందే ఢిల్లీ సర్దార్ పటేల్ విద్యాలయలో మూడేళ్లు బడిపిల్లలకు నాటకం నేర్పారు. ఆయన భార్య ప్రేమా కారంత్‌దీ అదే దారి. ‘ఫణియమ్మ’ సినిమా తీసిన దర్శకురాలు ఆవిడే.

సినిమాల్లోనూ పేరొచ్చింది. ‘చోమన దుడి’కి స్వర్ణకమలం దక్కింది. అయినా మనిషి ధ్యాస రిహార్సల్ హాలు మీదే. 1982లో భోపాల్ భారత్ భవన్‌లో రంగమండల్ నిలబెట్టి, బుందేలీ, మాళవీ మాండలికాల్లో నాటకాలు వేయించారు. ఆ అధ్యాయం 1986లో ఒక కేసుతో, అరెస్టుతో చేదుగా ముగిసింది. స్మరణ వ్యాసాలు దాన్ని దాటేస్తుంటాయి. దాటేస్తే ఆ తర్వాత ఆయన మళ్లీ లేచి నిలబడటం అర్థం కాదు. 1989లో మైసూరులో రంగాయణ నాటక సంస్థ మొదలైంది, అరవై ఏళ్ల వయసులో, మళ్లీ మొదటినుంచి. 2002 సెప్టెంబరు 1న కన్నుమూశారు. రచయిత్రి వైదేహికి చెప్పి రాయించిన ఆత్మకథ ఆ మరుసటి ఏడాది వచ్చింది.

మనకు దక్కిన కారంత్ మాత్రం 1990ల నాటి సురభి కారంత్. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో నాటకాలు మొదలుపెట్టిన సురభి కుటుంబాల్లో పిల్లలు సైడ్ వింగ్‌లో నిలబడి చూస్తూనే నటులవుతారు. గుబ్బి కంపెనీలో పెరిగిన మనిషికి అది కొత్త లోకమేమీ కాదు. అందుకే వాళ్లకు నటన నేర్పడానికి వచ్చిన పట్నం పెద్దమనిషిలా కాక, వాళ్ల చేతిలో ఉన్నదాన్నే వాళ్లతో కొత్తగా వాడించారు. ‘భీష్మ’, ‘చండీప్రియ’, ‘బస్తీ దేవత యాదమ్మ’ అలా పుట్టాయి.

యాదమ్మకు మూలం జర్మన్ నాటకకర్త బ్రెష్ట్ నాటకం. మంచి మనిషి ఒక్కరైనా ఉన్నారా అని వెతుక్కుంటూ ముగ్గురు దేవుళ్లు భూమికి దిగుతారు. రాత్రికి చోటిచ్చింది ఒక వేశ్య. వాళ్లిచ్చిన డబ్బుతో ఆమె దుకాణం పెడితే, ఆమె మంచితనాన్ని ఆనుకుని బతికేవాళ్లు దాన్ని ముంచేస్తారు. గత్యంతరం లేక మగవేషం కట్టి, కరకు బంధువై వస్తుంది. విశ్వవిద్యాలయాల్లో బ్రెష్ట్ ఆడాలంటే ముందు సిద్ధాంతం పాఠం చెప్పాలి. సురభి వాళ్లకు ఆకాశం నుంచి నారదుణ్ని దించడం రోజువారీ పని, ఆడవాళ్లు కృష్ణుడి వేషం కట్టడం ఇంటి ముచ్చట, కథ మధ్యలో ఆగి పాట అందుకోవడం తాతల నాటి అలవాటు. బ్రెష్ట్‌ను వాళ్లకు పరిచయం చేయడానికి కంపెనీ కుర్రాడికి పెద్ద ఉపన్యాసం అవసరం పడి ఉండదు.