పటం కట్టించే ముందు...

మా అత్తగారి ట్రంకుపెట్టె అడుగున పాత హైదరాబాద్ మ్యాపు ఒకటుండేది. మామగారు ఎప్పుడో జుమేరాత్ బజార్‌లో కొన్నారట. ఆయన పోయాక హాల్లో పెట్టుకుందామని ముచ్చటపడి, పటాలు కట్టే షాపులో ఇచ్చొచ్చాను. వారం తిరిగేసరికి అద్దంలో తళతళలాడుతూ వచ్చింది. అత్తగారు దగ్గరికొచ్చి చూసి, "అంచు మీద మీ మామగారి రాత ఉండాలే, ఏదమ్మాయ్?" అన్నారు.

నా గుండె గుభేలుమంది. ఫ్రేముకి సరిపోలేదని అంచులు కత్తిరించి, మ్యాపుని అట్టకి గమ్ముతో అతికించేశాడు. అడిగితే "ఖాళీ జాగానే కదమ్మా!" అన్నాడు. ముందుగా చెప్పకపోవడం నా తప్పే. ఆ రాతతోపాటు అచ్చయిన సంవత్సరం, స్కేలు కూడా పోయాయి.

ఇక మ్యాపులోనే వయసు వెతికాను. మూసీ ఒడ్డున 1919లో పూర్తయిన హైకోర్టు ఉంది. 1939లో ప్రారంభమైన ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనం లేదు. అంటే ఆ ఇరవై ఏళ్లలో ఎప్పటిదో! పాత మ్యాపులో ఉన్నవాటినే కాదు, లేనివాటినీ చూడాలని అప్పుడే తెలిసింది. 1908 మూసీ వరదల తర్వాత లియొనార్డ్ మన్ అనే ఇంజనీరు ఈ నగరాన్ని సర్వే చేయించి గీయించిన పటాల్లోనైతే సందులు, ఇళ్లు, బావులు కూడా కనిపిస్తాయి.

మీ ఇంట్లోనూ ఇలాంటివి ఉంటే నాలా తొందరపడకండి. అంచులు కత్తిరించొద్దని షాపులో ముందే చెప్పండి. గమ్ము, సెల్లోటేపు, లామినేషన్ వద్దేవద్దు. పైఅంచుకి మాత్రం రెండుచోట్ల పల్చటి కాగితపు ముక్కలు, తడిపితే ఊడొచ్చే స్టార్చి జిగురుతో అంటిస్తే చాలు. రేపు కావాలంటే మ్యాపు క్షేమంగా బయటికొస్తుంది. వెనక పెట్టే అట్ట యాసిడ్ లేనిదై ఉండాలి. మామూలు అట్టయితే కాగితం పసుపెక్కి పెళుసుబారుతుంది. అద్దం కాగితాన్ని తాకకుండా మధ్యన మౌంటు పెట్టించండి, లేకపోతే చెమ్మ చేరి బూజు పడుతుంది. ఎండ తగిలే గోడ, వంటింటి గోడ పనికిరావు. మడతలు పోవాలని ఇస్త్రీ చేయకండి. మరీ విలువైనదైతే కలర్ కాపీ తీయించి దాన్ని తగిలించి, అసలుది మడవకుండా పరిచి దాచుకోవడం మేలు.

మా మ్యాపులో కాచిగూడ దగ్గర సిరాతో గీసిన బాణం మొన మాత్రం మిగిలింది. "మేం మొదట కాపురం పెట్టిన ఇల్లు అదే. దాని అద్దె ఎంతో, ఏ పండగనాడు చేరామో అంచు మీద రాసిపెట్టారు" అన్నారు అత్తగారు. ఆవిడ చెబుతుంటే ఆ నాలుగు ముక్కలూ కాగితం మీద రాసి, కవర్లో పెట్టి ఫ్రేము వెనక తగిలించాను. చేతిరాత నాదే అయినా, మాటలు ఆయనవే.