ముదిమియు, మతిమరుపును

సిద్దిపేట జిల్లాలోని ఇబ్రహీంపూరు పేరును ఒక్కసారి పలికి చూడుడు. ముందున్నది అరబ్బీ నామము, వెనుకనున్నది సంస్కృత పదము. పలికెడి నోరు తెలుగు. 1948 వరకు నిజాము రాజ్యములో నుండిన ఈ సీమలో ఇంటిభాష తెలుగు, కచేరీభాష ఉర్దూ. ఈ రెండు భాషల అలవాటునకును, వార్ధక్యమున కలుగు మతిమరుపు వ్యాధికిని సంబంధము కలదా? హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు ఈ ప్రశ్నను పరిశోధించిరి. దానిని గూర్చియే మేము నేడు ముచ్చటింపదలచితిమి.

తాళపుచెవి ఎక్కడ పెట్టితిమో మరచుట అందరికిని కలదు. అది దేనికి పనికివచ్చునో మరచుట వేరు. నిత్యము నడచిన దారి తప్పుట, కన్నబిడ్డను పోల్చుకొనలేకపోవుట చాదస్తము కాదు. మెదడు కణములు క్రమముగా నశించుటవలన కలుగు వ్యాధి. ఇట్టి రోగముతో మరణించిన ఒక స్త్రీ మెదడును పరీక్షించి, అందు పేరుకొనిన గడ్డలను, చిక్కుపడిన పోగులను గూర్చి 1906లో ఆల్జీమర్ అను జర్మను వైద్యుడు లోకమునకు తెలిపెను. మెదడు రక్తనాళములు పూడుకొనుటవలనను మతి చెడవచ్చును.

2013లో వెలువడిన హైదరాబాదు పరిశోధనలో 648 మంది రోగుల వివరములు పరిశీలింపబడెను. వారిలో 391 మందికి రెండుగాని, అంతకెక్కువగాని భాషలు వచ్చును. ఒకే భాష వచ్చినవారికంటె వీరికి రోగము సగటున నాలుగున్నర సంవత్సరములు ఆలస్యముగా ప్రారంభమయ్యెను. బడి ముఖమెరుగనివారిలోను ఈ భేదము కానవచ్చుట విశేషము. ఎదుటివారిని బట్టి ఒక భాషను అణచి, వేరొకదానిని పలుకుట మెదడునకు నిత్యసాధన యగునని పరిశోధకుల ఊహ. అయితే భాష రోగమును నయము చేయదు. దాని రాకను ఆలస్యము చేయునేమో యనుటవరకే మన అధికారము.

వయస్సును, వంశమును మార్చుకొనజాలము. కాని రక్తపు పోటు, మధుమేహము, పొగత్రాగుట, మితిమీరిన మద్యము, తలకు దెబ్బలు, ఒంటరితనము, చూపు, వినికిడి తగ్గుట మొదలగు 14 కారణములను అదుపులో నుంచినచో, నూటికి సుమారు 45 వంతుల రోగమును నివారించుటకో, వాయిదా వేయుటకో వీలుండునని లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘము 2024లో అంచనా వేసినది.

రేడియో గొంతు పెంచుమని తాతగారు పదేపదే అడిగినచో విసుగుకొనకుడు. చెవులను పరీక్ష చేయింపుడు. అమ్మమ్మగారు అడిగినదే అడుగుచున్నచో గద్దింపక వైద్యునికడకు తోడ్కొని పొండు. బి12 విటమిను లోపము, థైరాయిడు మాంద్యము కూడ ఇట్టి మరుపును కలిగించును. వానికి చికిత్స కలదు. ముసలితనమేలెండని ఊరకుండుటచే, కుదురదగిన జబ్బు సైతము కుదురకుండ పోవచ్చును.