బాతు ముక్కు మీద నల్ల మచ్చ

పేరులోనే చిలుకను పెట్టుకున్న చిల్కానగర్‌లో ఉంటూ బాతు ముక్కు గురించి రాయడానికి కారణం మా గల్లీలోని ఒక తెల్ల బాతు. చార్మినార్ దగ్గరి ముర్గీ చౌక్ నుంచి పిల్లలుగా తెచ్చిన జతలో అది పెట్ట. ఏడాది తిరిగేసరికి దాని నారింజ రంగు ముక్కు మీద మిరియపు గింజంత నల్ల మచ్చ పడింది. నెల తిరక్కుండా దాని పక్కన ఇంకో రెండు. "ఆంటీ, దీనికేమన్న రోగమొచ్చిందా? గీకితే పోతలేదు" అని ఆ ఇంటి పిల్ల పరుగెత్తుకొచ్చింది. ముందు గీకడం ఆపమన్నాను.

ఎందుకంటే బాతు ముక్కు కోడి ముక్కులా గట్టి కొమ్ము కాదు. ఎముక మీద పరిచిన మెత్తటి చర్మం అది. కొసన మాత్రం గోరులాంటి గట్టి పలుకు ఉంటుంది, దాన్ని గోరు అనే అంటారు. ఆ చర్మం కింద స్పర్శ నాడులు కిక్కిరిసి ఉంటాయి. బురదనీళ్లలో కన్ను ఆనని చోట కూడా నత్తనూ గులకరాయినీ బాతు వేరుచేసేది వాటితోనే. మన వేలి కొసను ఎవరైనా ఇటుకముక్కతో రుద్దితే ఎలా ఉంటుందో, ముక్కు గీకితే బాతుకు అలా ఉంటుంది.

ఇక ఆ మచ్చ. మన వెంట్రుకలను నల్లగా ఉంచే మెలనినే అక్కడా పేరుకుంది. మస్కోవీ రకం తప్ప లోకంలోని పెంపుడు బాతులన్నీ మల్లార్డ్ అనే అడవి బాతు సంతతి. మల్లార్డ్ ఆడబాతుకు నారింజ ముక్కు మీద సిరా చల్లినట్టు నల్ల మచ్చలు ఉండటం మామూలు. తెల్లగా పెంచుకున్న పెకిన్ జాతి ఈకల రంగు పోగొట్టుకుంది కానీ, పెట్ట గుడ్లకు వచ్చే వయసులో ఆ పాత మచ్చలు చాలాసార్లు మళ్లీ తేలతాయి. ప్రదర్శనల్లో న్యాయనిర్ణేతలు దాన్ని లోపంగా లెక్కిస్తారు. ఇంట్లో పెంచుకునేవాళ్లకు అందులో దిగులు పడాల్సింది ఏమీ లేదు.

మచ్చల కంటే నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ముక్కు పసుపు. ఆ పసుపును బాతు తన ఒంట్లో తయారుచేసుకోలేదు, తిండిలోంచే రావాలి. లుటీన్, జియాజాంతిన్ లాంటి కెరోటినాయిడ్లు ఆకుకూరల్లో, గడ్డిలో, నీటి నాచులో, పసుపు మొక్కజొన్నలో ఉంటాయి. ఆకులో ఈ పసుపు ఎప్పుడూ ఉంటుంది, పైన ఆకుపచ్చ కమ్మేసి కనిపించనివ్వదు. తెలుగులో ఆకునూ పచ్చ అంటాం, గుడ్డులోని సొననూ పచ్చ అంటాం. ఆకు తిన్న బాతు ముక్కు చూస్తే ఆ రెండు పచ్చల చుట్టరికం కళ్లెదుటే ఉంటుంది. అన్నం మెతుకులు, నూకలు, తవుడు మాత్రమే తినే బాతుకు ముక్కు వెలవెలబోవడం అందుకే. వాటిలో ఆ రంగు దాదాపు లేదు. ఉభయగోదావరి, కృష్ణా జిల్లాల్లో కోతలైన పొలాల వెంట మందలుగా తోలుకెళ్లే బాతులకు రాలిన గింజతో పాటు గట్ల మీది పచ్చికా, కాలవల్లో నాచూ దొరుకుతాయి. మేడ మీద టబ్బులో పెరిగే మన బాతుకు ఆ భాగ్యం లేదు కాబట్టి, రోజూ గుప్పెడు పాలకూరో తోటకూరో తరిగి వేయాలి.

బతుకమ్మలో పేర్చే బంతిపూల రేకుల్లో కూడా ఉండేది ఈ లుటీనే. గుడ్డు సొన పసుపు చిక్కబడాలని కోళ్ల దాణాలో బంతిపూల సారం కలుపుతారు. అంగడి పూల మీద పురుగుమందు ఉండొచ్చు కనుక అవి బాతుకు వేయకండి, పెరట్లో పూసినవైతే రేకులు తుంచి వేయొచ్చు. అన్నట్టు, మన కంటి తెర నడుమ ఉండే పసుపు మచ్చకు ఆ రంగునిచ్చేవీ ఈ లుటీన్, జియాజాంతిన్‌లే. బాతు ముక్కుకూ మన చూపుకూ సరఫరా ఒకే చోటు నుంచి! మా వైపు నుంచి హబ్సిగూడ దాటితే తార్నాక. 1918లో కూనూరులో చిన్నగా మొదలై 1958లో హైదరాబాదు చేరిన జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది అక్కడే. ఆకుకూరలు తినమని ఆ సంస్థ మనుషులకు చెబుతూ వచ్చిన మాట బాతులకూ అక్షరాలా వర్తిస్తుంది.

మంచి తిండి పెట్టినా ముక్కు పాలిపోతుందా? అయితే గుడ్లు లెక్కపెట్టండి. పెట్ట గుడ్లు పెట్టడం మొదలెట్టాక పసుపంతా సొనలోకి మళ్లుతుంది, ముక్కుకు మిగలదు. కోళ్ల పెంపకందార్లకు ఇది ఎప్పటి నుంచో తెలిసిన గుర్తు: కోడి ముక్కు మొదలు దగ్గర తెల్లబడి, ఆ తెలుపు మెల్లగా కొస దాకా పాకుతుంది, కాళ్లు ఆఖరున పాలిపోతాయి. గుడ్లు ఆగాక రంగు తిరిగొస్తుంది. గుడ్లూ లేక, మేతా ముట్టక ముక్కు పాలిపోతే అది రక్తహీనత కావచ్చు. ముక్కు నీలంగా మారి బాతు రొప్పుతుంటే ఊపిరి అందడం లేదన్నమాట. ఈ రెండింటికీ పశువైద్యుడి దగ్గరికి ఆ రోజే తీసుకెళ్లాలి.

ఎండకు ముక్కు మీద బొబ్బలు లేచే జబ్బు ఒకటుంది. అమ్మి మేజస్ అనే మొక్క గింజలు తిని ఎండలో తిరిగిన బాతులకు ముక్కు మీదా, కాలివేళ్ల నడుమ చర్మం మీదా పొక్కులొచ్చి, మానాక ముక్కు వంకర తిరుగుతుంది. వాము శాస్త్రీయ నామంలోనూ అమ్మి ఉన్నంత మాత్రాన ఈ మొక్క మన వాము కాదు.

పోతో పెట్టో తెలియని పిల్లలకు ముక్కే జాతకం. ఇంగ్లండులో అడెల్ క్యాంప్‌బెల్ రూపొందించిన ఖాకీ క్యాంప్‌బెల్ జాతిలో ఎదిగే పోతుల ముక్కు ఆకుపచ్చకు తిరుగుతుంది, పెట్టలది ముదురుగానే ఉండిపోతుంది. వెల్ష్ హార్లెక్విన్ జాతిలోనైతే గుడ్డులోంచి వచ్చిన తొలి రోజుల్లోనే చాలావరకు చెప్పేయొచ్చు: ముదురు ముక్కుది పోతు, కొసన మాత్రం నలుపున్న లేత ముక్కుది పెట్ట. కొన్నాళ్లకే ఆ తేడా చెరిగిపోతుంది. మల్లార్డ్ పోతు జత కట్టే కాలం గడిచాక తల మీది పచ్చ మెరుపు రాల్చుకుని అచ్చం పెట్టలా తయారవుతుంది. అప్పుడు కూడా దాన్ని పట్టిచ్చేది మచ్చల్లేని పసుపుపచ్చటి ముక్కే.

మన చెరువుల్లో ఏడాది పొడుగునా ఉండే ఒక అడవి బాతుకైతే శాస్త్రీయ నామమే ముక్కును బట్టి వచ్చింది. అనాస్ పీసిలోరింకా అంటే రంగురంగుల ముక్కుది అని అర్థం. 1781లో ఫార్‌స్టర్ పెట్టిన పేరది. ముక్కు నల్లన, కొస పసుపు, మొదలు దగ్గర అటూ ఇటూ కుంకుమ బొట్టు పెట్టినట్టు రెండు ఎర్ర చుక్కలు. పెట్టకు ఆ చుక్కలు చిన్నగా ఉంటాయి, ఒక్కోసారి కనిపించవు కూడా. ఈ బొట్ల బాతును ఎవరైనా అమ్మజూపితే కొనకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో ఉంచుకోవడం నేరం. పంజరంలో రామచిలుకకూ అదే చట్టం.

ఆ పిల్ల ఇప్పుడు ముక్కు గీకడం మానేసింది. గోడ మీది క్యాలెండర్‌లో గుడ్డు పెట్టిన రోజుకు పెన్సిలుతో సున్నా చుడుతోంది, మచ్చలు నాలుగయ్యాయని మొన్న చెప్పింది.