తెప్ప ఎక్కని భార్య

థియో ఏంజెలోపౌలోస్ అనే గ్రీకు దర్శకుడు 1984లో ‘వాయేజ్ టు సితేరా’ అని ఒక సినిమా తీశాడు. ముప్పై రెండేళ్లు సోవియట్ దేశంలో తలదాచుకున్న ఒక ముసలి కమ్యూనిస్టు సొంత దేశానికి తిరిగొస్తాడు. పేరు స్పైరోస్. 1946 నుంచి 1949 దాకా గ్రీసులో సాగిన అంతర్యుద్ధంలో ఓడిపోయిన పక్షం మనిషి. అప్పట్లో అలా సరిహద్దు దాటినవాళ్లు వేలమంది. చాలామంది చివరికి తాష్కెంట్ చేరారు. భార్య కాటెరీనా అన్నేళ్లూ ఎదురుచూసింది. ఆయనకి అక్కడ ఇంకో భార్యా, ముగ్గురు పిల్లలూ ఉన్నారు. ఆ సంగతి ఆమెకి ఆయనే చెప్తాడు.

ఊరికి వెళ్తే ఊరు అమ్మకానికుంది. మంచు మీద ఆటలాడేవాళ్ల కోసం విడిది కట్టడానికి కంపెనీ వచ్చింది, అందరూ సంతకాలకి సిద్ధం. ముసలాయన పెట్టనంటాడు. పార తీసుకుని తన చెక్క తను తవ్వుకుంటాడు. ఊరు ఎదురు తిరుగుతుంది. ప్రభుత్వం చూస్తే ఆయనకి పౌరసత్వం లేదు. ఎటు పంపాలో తెలియక చివరికి ఎవరి హద్దూ కాని సముద్రంలో ఒక తెప్ప మీద నిలబెడతారు. కాటెరీనా తనూ వెళ్తానంటుంది. తెల్లవారుతూండగా ఇద్దరూ కట్టుతాడు విప్పేస్తారు.

స్పైరోస్‌గా వేసిన మానోస్ కాట్రాకిస్ కూడా కమ్యూనిస్టని ముద్రపడి ద్వీపాల్లో ప్రవాస శిక్ష అనుభవించినవాడే. నటించడానికి ఆయన ఎక్కడికీ వెళ్లి తెలుసుకోవలసిన పని లేకపోయింది. సినిమా వచ్చిన ఏడాదే పోయాడు. కాన్ ఉత్సవంలో స్క్రీన్‌ప్లేకి బహుమతి వచ్చింది.

బందరులో మేం నలుగురైదుగురం ఆదివారాలు ఒకరింట్లో చేరి పాత సినిమాలు చూసుకుంటాం. నేను చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయినదాన్ని కాబట్టి సినిమా అయ్యాక తేదీలు చెప్పే పని నాది. ఈ సినిమా అయ్యాక మాత్రం నాకంటే ముందు మా మాష్టారొకాయన అందుకున్నారు. “ఇది మన పామర్రు కథేనమ్మా. చివరొక్కటే తేడా” అన్నారు.

తేదీలు చూస్తే ఆయన మాట నిజమే. గ్రీసులో అంతర్యుద్ధం మొదలైన 1946లోనే తెలంగాణలో సాయుధ పోరాటం ఊపందుకుంది. ఆ పోరాటాన్ని నడిపిన ఆంధ్ర కమ్యూనిస్టు నాయకత్వంలో పెద్ద బలం కృష్ణా డెల్టాది. ఆ నాయకుల్లో ఒకడైన చండ్ర రాజేశ్వరరావుది ఈ కృష్ణా జిల్లా మంగళాపురం. 1948లో కలకత్తా మహాసభ తర్వాత కమ్యూనిస్టు పార్టీ తిరుగుబాటు పంథా పట్టింది, మద్రాసు ప్రభుత్వం ఇక్కడ అరెస్టులు మొదలుపెట్టింది, మలబారు పోలీసులు దిగారు. గుడివాడ ప్రాంతంలో పెద్దవాళ్లు ఇప్పటికీ ‘మలబారోళ్లు’ అనే అంటారు. 1949లో కాటూరు, ఎలమర్రు ఊళ్లలో మగవాళ్లని బట్టలూడదీసి, ఆడవాళ్లు చూస్తుండగా గాంధీ విగ్రహం చుట్టూ తిప్పారు. ఉయ్యూరు నుంచి గుడివాడ వెళ్లే బస్సులో కూర్చుంటే ఈ ఊళ్ల చుట్టుపక్కల నుంచే వెళ్తాం. చెరుకు, వరి, స్లాబు ఇళ్లు. తెలియనివాళ్లకి ఏమీ కనపడదు.

ప్రవాసం అంటే సముద్రం దాటాలని మనకో అభిప్రాయం ఉంది. ఇక్కడివాళ్లలో చాలామంది దాటింది పంట కాలవలే. సొంత జిల్లాలోనో, పక్క జిల్లాలోనో, పేరు మార్చుకుని, భార్యాభర్తలు కానివాళ్లు భార్యాభర్తలుగా కనపడుతూ, ఎవరింట్లోనో ఒక గదిలో ఉండేవాళ్లు. వాటిని డెన్ అనేవాళ్లు. కాపురం ఉన్నట్టు కనపడాలి కాబట్టి డెన్‌కి ఆడమనిషి కావాలి. వంట, కాపలా, ఉత్తరాల చేరవేత అన్నీ ఆమెవే. చరిత్ర పుస్తకాల్లో ఈ ఆడవాళ్లకి దక్కింది ఒకటో రెండో పేరాలు.

కొండపల్లి కోటేశ్వరమ్మ ఆ పేరాల్లోంచి బయటికొచ్చి తన పుస్తకం తనే రాసుకుంది. 1918లో పామర్రులో పుట్టింది. ఊహ తెలియకముందే పెళ్లి, ఊహ తెలియకముందే వైధవ్యం. 1939లో కొండపల్లి సీతారామయ్యతో మళ్లీ పెళ్లి. ఆయనది గుడివాడ దగ్గరి జొన్నపాడు. విధవా వివాహం అంటే ఊళ్లు భగ్గుమనే రోజులు. ఆమె ఒంటి మీది నగలు పార్టీకిచ్చింది. పాటలు పాడింది, నాటకాలు వేసింది, మహిళా సంఘం పనిచేసింది. నిర్బంధం వచ్చాక పిల్లలిద్దర్నీ తల్లి అంజమ్మ దగ్గర వదిలి అజ్ఞాతంలోకి పోయింది.

1951లో పోరాటం విరమించారు. కేసులు పోయాయి, నాయకులు ఎన్నికల్లో నిలబడ్డారు, గెలిచారు. ఆమె తిరిగొచ్చేసరికి ఇల్లే లేదు. భర్త ఆమెని వదిలేశాడు. ముప్పై దాటిన వయసులో హైదరాబాదు ఆంధ్ర మహిళా సభలో చిన్నపిల్లల పక్కన కూర్చుని మెట్రిక్ చదివింది. తర్వాత కాకినాడలో ఆడపిల్లల పాలిటెక్నిక్ హాస్టల్‌కి మేట్రన్‌గా చేరింది. పార్టీ చీలితే, ఉన్న కాస్త జీతంలోంచే అటూ ఇటూ కూడా చందా ఇచ్చింది. కొడుకు చందు నక్సలైటు ఉద్యమంలోకి వెళ్లాడు, మళ్లీ రాలేదు. డాక్టరు చదివిన కూతురు కరుణ కూడా తల్లికంటే ముందే పోయింది. ఇవన్నీ ఆమె ‘నిర్జన వారధి’లో రాసింది. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 2012లో వేసింది. అప్పటికి ఆమెకి తొంభై దాటాయి. ఇంగ్లీషులోకీ వెళ్లిన ఆ పుస్తకంలో నన్ను ఇబ్బంది పెట్టేది కన్నీళ్లు తక్కువగా ఉండటం. ఎక్కడా గొంతు పెంచదు. హాస్టల్లో సరుకుల లెక్క చెప్పే మేట్రన్‌లా చెప్పుకుపోతుంది.

ఇక సీతారామయ్య. 1980లో పీపుల్స్ వార్ అనే నక్సలైటు పార్టీ స్థాపించినవాడు. 1991లో ఆ పార్టీయే ఆయన్ని వెళ్లగొట్టింది. 1993లో పోలీసులు పట్టుకున్నారు. అనారోగ్యంతో విడుదలై, మనవరాలి నీడన ఉండి, 2002లో విజయవాడలో పోయాడు. ప్రభుత్వం వదిలినా తను కట్టిన పార్టీ వదలని బహిష్కారం అది. ఆ చివరి రోజుల్లోనే కోటేశ్వరమ్మని చూడాలని కబురు పెట్టాడు. ఆమె మొదట ఒప్పుకోలేదు. ఎందుకు చూడాలంది. తర్వాత వెళ్లి చూసింది.

మాష్టారు చెప్పిన తేడా ఇదే. కాటెరీనా తెప్ప ఎక్కింది, కోటేశ్వరమ్మ ఎక్కలేదు. మాష్టారు దీన్నీ పూర్తిగా ఒప్పుకోరు: “వెళ్లి చూసింది కదా, అది ఎక్కడం కాక ఏమిటి?” అంటారు. చూసి తన ఇంటికి తను వచ్చేసింది కదా అంటాను నేను. గ్రీకు సినిమా గొప్పదే కానీ, అందులో భార్య చివరికి భర్త కథలో ఒక అందమైన దృశ్యమైపోయింది. ఆమె ఆ ముప్పై రెండేళ్లూ ఏం తిని బతికిందో, ఎవరెవరి మాటలు పడిందో ఏంజెలోపౌలోస్ అడగలేదు. పామర్రు మనిషి కథలో అసలు విషయమంతా అదే.

అపరాధ భావం గురించి కూడా చెప్పాలి. ఇలాంటి సినిమాల్లో అది నాయకుడికే ఉంటుంది: అడవిలో కూర్చుని గడ్డం నిమురుకుంటూ బాధపడతాడు. మా వైపు అది ఇళ్లల్లో ఉండేది. మా అమ్మమ్మగారి ఊరు పామర్రు, గుడివాడ మధ్య. మలబారోళ్ల రోజుల్లో తాతయ్యని ఒకసారి చావిడి దగ్గర కట్టేసి కొట్టారు. ఆ వారంలోనే ఒక రాత్రి, పార్టీలో తిరిగే ఊరి కుర్రాడొకడు దొడ్డి తలుపు కొట్టి, “వదినా, చద్దన్నం ఉంటే పెట్టు” అన్నాడు. “నేను దీపం తగ్గించుకుని కూచున్నా గానీ తలుపు తియ్యలా” అనేది అమ్మమ్మ. రెండ్రోజులకి అతను కాలవగట్టు మీద దొరికిపోయాడు. చచ్చిపోలేదు. జైలుకెళ్లి, వచ్చి, పొలం చేసుకుని, పిల్లల పెళ్లిళ్లు చేసి, ముసలాడై పోయాడు. అమ్మమ్మ ఎదురుపడినప్పుడల్లా నవ్వుతూ “బాగున్నావా వదినా” అనేవాడు. ఆ పలకరింపే ఆవిడ భరించలేకపోయేది. అతను వస్తుంటే గుడి చుట్టూ తిరిగి వేరే దారిన వచ్చేది. ఆ రాత్రి తలుపు చప్పుడు అతనికి గుర్తుందో లేదో ఆవిడ ఎప్పుడూ అడగలేదు.

దివిసీమలో 1977 నవంబరు 19 ఉప్పెనలో బతికిన వాళ్లలోనూ ఇలాంటి మాటలు విన్నాను, చెయ్యి జారిపోయిన పిల్లల గురించి. కానీ గాలివాన మీద నేరం మోపొచ్చు. తలుపు తియ్యకపోవడాన్ని ఎవరి మీద మోపాలి?

ఈ కథలు తెరకెక్కకపోవడం, తెలిసినవాళ్లు తెలుగు సినిమాలో లేక కాదు. కిక్కిరిసి ఉండేవాళ్లు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన ‘మా భూమి’ నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. కమ్యూనిస్టు కళాకారుల సంస్థ ప్రజానాట్యమండలి దళాలు చెదిరిపోయాయి. ఆడటానికి ఊరు లేకపోయాక కళాకారులు పొట్ట చేతపట్టుకుని మద్రాసు రైలెక్కారు. దళాన్ని నడిపిన డాక్టర్ గరికపాటి రాజారావు 1953లో ‘పుట్టిల్లు’ తీశాడు. జమునకి మొదటి సినిమా అదే. అల్లు రామలింగయ్య కనపడిందీ అందులోనే. మిక్కిలినేని ఆ మండలి మనిషే. అజ్ఞాతమూ లాఠీ దెబ్బలూ దగ్గర్నుంచి ఎరిగినవాళ్లు తర్వాత మనకి పౌరాణికాల్లో రాజులుగా, సాంఘికాల్లో మామగార్లుగా, హాస్యగాళ్లుగా కనపడ్డారు. తమ కథ చెప్పుకునే పాత్ర మాత్రం వాళ్లకెవరూ ఇవ్వలేదు. మద్రాసులో సినిమావాళ్ల పేట కోడంబాకం కూడా ఒక ప్రవాసమే, కాకపోతే కూడు పెట్టింది.

డెల్టాలో సినిమాకీ భూమికీ ఉన్న చుట్టరికం ఇంకా వింతైనది. జమీందారీకి ఎదురుతిరిగే ‘రైతుబిడ్డ’ని 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీశాడు. జమీందార్లకి కోపం వచ్చింది, కొన్నిచోట్ల నిషేధించారు. డబ్బు పెట్టిన సారథి సంస్థ వెనక ఉన్నది దివిసీమ చల్లపల్లి రాజా. కొన్నేళ్లకి అదే చల్లపల్లి ఎస్టేటు భూముల మీద ఎర్రజెండాలు లేచాయి. ఈ ఒక్క సంగతి మీదే ఒక సినిమా తియ్యొచ్చు, హాస్యసినిమా కూడా.

తర్వాత వచ్చిన వాటిలో ‘మాభూమి’ది మొదటి స్థానం. 1979లో గౌతమ్ ఘోష్ తీశాడు, బి. నర్సింగరావు నిర్మాత. నాటకంతో పేరు కలిసింది గానీ దీని మూలం కిషన్ చందర్ నవల. గొప్ప సినిమా. కానీ కథ తుపాకి దగ్గరే ఆగుతుంది, పోరాటం అయ్యాక ఇంటికి తిరిగిరావడం అందులో లేదు. 1992లో సి. ఉమామహేశ్వరరావు ‘అంకురం’లో కెమెరాని మొదటిసారి వెతికే ఆడమనిషి వైపు తిప్పాడు, రేవతి నిలబెట్టింది. 2022 ‘విరాటపర్వం’ ఇంకో అడుగు వేసింది: నమ్మి వచ్చిన పిల్లని దళమే అనుమానించి చంపిన నిజ సంఘటన దాని ఆధారం. అంత ధైర్యం చేసి కూడా ప్రేమకథ దగ్గర తలవంచింది. చంపినవాళ్లు ఆ తర్వాతి ఇరవై ఏళ్లు ఎలా నిద్రపోయారో చూపించి ఉంటే బాగుండేది. అలా చూపిస్తే థియేటర్ ఖాళీ అవుతుందని నిర్మాతలంటారు. అవుతుందేమో. గుడివాడ హాల్లో ఖాళీ అయినా ఎలమర్రు నుంచి వచ్చిన ముసలివాళ్లు నలుగురు కూర్చుంటారు.

కోటేశ్వరమ్మ కథని ఎవరైనా తియ్యదలిస్తే ఖర్చేమీ ఉండదు. ఒక డెన్ గది, అంజమ్మ ఇల్లు, మహిళా సభ తరగతి గది, కాకినాడ హాస్టలు, విజయవాడలో ఒక మంచం. కాలవగట్లు ఇంకా ఉన్నాయి. పొలాల సంగతి చెప్పలేను. దివిసీమలో చాలాచోట్ల రొయ్యల చెరువులయ్యాయి. పెద్ద హీరోని మాత్రం పెట్టొద్దు. సీతారామయ్య వేషానికి పేరున్న నటుడొస్తే ఆయనకో ఉపన్యాసం రాస్తారు, నేపథ్య సంగీతం లేస్తుంది, ఆమె మళ్లీ వంటింట్లోకి పోతుంది. ఆయన వీపు కనపడితే చాలు, గొంతు వినపడితే చాలు. తుపాకి ఒక్కసారీ పేలనక్కర్లేదు.