మీకు తెలుసా? కుడుకలకు విమానంలో చోటు లేదు

కరీంనగర్, జగిత్యాల, నిర్మల్‌ల నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్ల పెట్టెల్లో సకినాలు, మామిడి తొక్కు మామూలే. కుడుకలు మాత్రం కుదరవు. నూనె ఎక్కువుండే ఎండుకొబ్బరికి దానంతటదే వేడెక్కి అంటుకునే గుణం ఉంది. ఐక్యరాజ్యసమితి ప్రమాదకర సరుకుల జాబితాలో దాని నంబరు 1363. అందుకే ప్రయాణికుల సామానులో దానికి అనుమతి లేదు.

గసగసాలు ఇంకా గడ్డు వ్యవహారం. మాంసం కూరకని మూటగట్టుకుపోతే దుబాయ్‌లో మత్తుపదార్థాల కేసు కావచ్చు!

పవర్ బ్యాంక్ చేతిసంచిలోనే ఉండాలి. లిథియం బ్యాటరీ రాజుకుంటే క్యాబిన్‌లోనైతే సిబ్బంది వెంటనే ఆర్పగలరు.

టికెట్‌పై 40 కిలోలున్నా, ఒక్కో పెట్టె సాధారణంగా 32 కిలోలు దాటకూడదు. ఈ హద్దు సామాను ఎత్తే కార్మికుల నడుముల కోసమే. రెండు పెట్టెలు చేసుకుని, సకినాల డబ్బాను బట్టల నడుమ ఇరికిస్తే విరగడం తగ్గుతుంది.