మా డిజైర్‌కి హార్స్‌పవర్ కావాలనుకున్నా... కావాల్సింది వేరే!

నలభై వేలు. ఏడాదిన్నర పాటు జీతంలోంచి కొంచెం కొంచెం పక్కన పెట్టిన డబ్బు. ఎందుకో తెలుసా? మా ఇంటి డిజైర్‌ని రాకెట్‌లా చేద్దామని!

2016 మోడల్ డీజిల్ బండి. 1248 సీసీ ఇంజన్, 75 పీఎస్ పవర్. ఫియట్ రూపొందించిన ఈ ఇంజన్ మారుతీ, టాటా, ఫియట్ అంటూ ఎన్ని కంపెనీల కార్లలో తిరిగిందంటే, సరదాగా ‘నేషనల్ ఇంజన్’ అనేవాళ్లు. అలాంటి బండి మన చేతిలో ఉంటే ఊరుకుంటామా? రీల్స్ చూసి చూసి లిస్టు రాసుకున్నా. ఈసీయూ రీమ్యాప్, ఓపెన్ ఎయిర్ ఫిల్టర్, సౌండొచ్చే సైలెన్సర్. హైదరాబాద్‌లో ఒక షాపులో రేటు కూడా మాట్లాడేశా.

ఇంతలో ఊరికెళ్లాల్సి వచ్చింది. మాది ఆలంపూర్. తుంగభద్ర ఒడ్డున, జోగులాంబ గుడి ఉన్న ఊరే.

ఎర్రవల్లి దాటాక...

మే నెల, మిట్టమధ్యాహ్నం, 44వ నంబర్ హైవే. ముందు సీట్లో నాయిన, వెనక అమ్మ, చెల్లి. డిక్కీ నిండా సామాను. బీచుపల్లి దగ్గర కృష్ణా నది దాటాం, ఎర్రవల్లి చౌరస్తా దాటాం. స్పీడు వందకు దగ్గర్లో ఉంది. ఒక్కసారిగా డివైడర్ సందులోంచి ట్రాక్టర్ ముక్కు బయటికొచ్చింది.

బ్రేక్ బలంగా తొక్కా. ఏబీఎస్‌కి పెడల్ కాలి కింద దడదడలాడింది. కానీ బండి ఆగట్లేదు, జారుతోంది. ట్రాలీకి మూరెడు దూరంలో ఆగింది. చెల్లి ఏడుపు మొదలుపెట్టింది. నాయిన ఒక్క మాటా అనలేదు. కిటికీ మీదున్న పిడిని పట్టుకున్న చెయ్యి మాత్రం ఇల్లు చేరేదాకా వదల్లేదు.

ఆ తిట్టని తిట్టు ఇప్పటికీ గుర్తుంది.

‘ముందు ఆగేది చూస్కో’

మర్నాడు బండిని మాకు తెలిసిన మెకానిక్ అన్న దగ్గరికి తీసుకెళ్లా. ఆయన బానెట్ కూడా ఎత్తలేదు. టైరు పక్కన కూర్చుని, దాని మీదున్న నంబరు చూపించాడు. 1416.

“2016ల పద్నాలుగో వారం టైరు తమ్మీ. గీతలున్నయ్ గానీ రబ్బరు రాయైంది. ఉరికేది తర్వాత చూద్దువు గానీ, ముందు ఆగేది చూస్కో.”

టైరు పక్క గోడ మీద ‘డాట్’ అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగంకెలే దాని పుట్టిన తేదీ. ముందు వారం, తర్వాత ఏడాది. ఇన్నేళ్లు నడిపా, ఒక్కసారీ చూడలేదు!

అక్కడ నా లిస్టు తలకిందులైంది. చివరికి నేనేం చేయించానో ఇదిగో.

1. టైర్లు: రోడ్డును తాకేది ఒక్కో చక్రం దగ్గర అరచేతి మందం జాగా. బండి పరుగైనా, మలుపైనా, ఆగడమైనా దాని మీదే. మా బండికి కంపెనీ సైజు 165/80 ఆర్14. ఇదే కారు టాప్ మోడల్‌కి 185/65 ఆర్15. రెండు టైర్ల మొత్తం ఎత్తులో తేడా సుమారు 2 మిల్లీమీటర్లే, కాబట్టి స్పీడోమీటర్ తప్పు చూపదు. పెద్దది వేయాలనుకుంటే ఇలా కంపెనీయే ఇచ్చిన సైజుకు వెళ్లండి. అంతకు మించి వెడల్పు పెంచితే స్టీరింగ్ బరువెక్కుతుంది, మైలేజీ తగ్గుతుంది. రిమ్ములకు డబ్బు చాలక నేను పాత సైజులోనే మంచి టైర్లు వేయించా. 18,500.

2. బ్రేకులు: స్పీడు 80 నుంచి 100కి పెరిగితే పెరిగింది పావు వంతే అనిపిస్తుంది. కానీ బ్రేకులు మింగాల్సిన శక్తి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. గంటకు వంద అంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. మనం ‘అరె’ అనుకునేలోపే అంత దూరం పోతాం. కొత్త ప్యాడ్లు, కొత్త బ్రేక్ ఆయిల్ వేయించా. ఈ ఆయిల్ గాల్లోని తేమ పీలుస్తుంది. తేమ పట్టింది వేడికి తొందరగా మరిగి బుడగలు కడుతుంది, పెడల్ మెత్తబడుతుంది. అందుకే రెండేళ్లకోసారి మార్చాలి. ఏ గ్రేడో డబ్బా మూత మీదే రాసి ఉంటుంది. 4,500.

3. షాక్ అబ్జార్బర్లు: ఇవి అరిగితే చక్రం రోడ్డు మీద నిలవదు, ఎగురుతుంది. ఎగిరే టైరుకు గ్రిప్ ఎక్కడిది? నాలుగూ మార్చి, బుష్‌లు వేయించి, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేయిస్తే 11,000.

4. లైట్లు: పసుపెక్కిన హెడ్‌లైట్ గ్లాసుల్ని పాలిష్ చేయిస్తే వెయ్యి. ఎక్కువ వాట్ల బల్బులు వేస్తే వైరింగ్ వేడెక్కుతుంది, ఎదుటోడి కళ్లు పోతాయి.

మొత్తం 35,000. ఇది మా బిల్లు, మీ దగ్గర తేడా ఉండొచ్చు.

మరి రీమ్యాప్?

వదిలేశా. పవర్ పెరిగేది నిజమే. కానీ టర్బో మీద, క్లచ్ మీద లోడూ పెరుగుతుంది. ట్యూనింగ్ సరిగ్గా లేకపోతే నల్ల పొగ. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ దగ్గర పేచీ. పైగా చట్టం ఉంది. కంపెనీ స్పెసిఫికేషన్లను ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ఓపెన్ ఫిల్టర్ ఇచ్చేది ముఖ్యంగా సౌండే. సౌండుతో ట్రాక్టర్ ముందు బండి ఆగదు కదా!

పైసా ఖర్చు లేనివి

నెలకు రెండుసార్లు, బండి కదలకముందే, టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి చూడండి. ఐదుగురు, సామాను ఎక్కితే ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది. డిక్కీలో మోస్తున్న పనికిరాని బరువు దింపేయండి. పికప్ పెరగాలంటే అన్నిటికంటే చవకైన దారి అదే.

దసరాకి మళ్లీ ఊరెళ్లాం. అదే హైవే, అదే బండి, అదే 75 పీఎస్. జడ్చర్ల దాటాక పక్కకు చూశా. నాయిన చెయ్యి పిడి మీద లేదు, ఒళ్లో ఉంది. మళ్లీ చూసేసరికి గురక. ఆలంపూర్ చౌరస్తా వచ్చాక నేనే లేపాల్సి వచ్చింది.

ఎన్ని పీఎస్‌లు పెరిగాయని దోస్తులు అడుగుతుంటారు. ఒక్కటీ పెరగలేదు. కానీ నాయిన నిద్రపోయాడు. నాకది చాలు.