ఒకటో నంబరే కదా అనుకోవద్దు

తుఫాను కబురు తెలియగానే మచిలీపట్నం వంటి రేవుల్లో ఎగురవేసే సూచికలు 1 నుంచి 11 వరకు ఉన్నాయి. నంబరు చిన్నదైతే ప్రమాదమూ చిన్నదేనని చాలామంది అనుకుంటారు. వేటకు వెళ్ళేవారికి ఈ పొరపాటు ప్రాణాంతకం.

ఒకటో నంబరు అంటే దూరాన సముద్రంలో వాయుగుండం ఉందని అర్థం. రెండో నంబరైతే అక్కడ తుఫానే ఏర్పడిందన్న మాట. ఈ రెండింటిలోనూ రేవుకు అప్పటికి భయం లేదు. రేవు విడిచి లోపలికి వెళ్ళే నావలకే ముప్పు. ఒడ్డున ఆకు కదలకపోయినా పడవ దించరాదు.

3, 4 నంబర్లు రేవుకే గాలివాన బెడద ఉందని చెబుతాయి. 5, 6, 7 ప్రమాద సూచికలు. వీటి మధ్య తేడా గాలి జోరులో లేదు, తుఫాను దారిలో ఉంది. రేవును ఎడమచేతివైపు ఉంచి సాగితే 5, కుడివైపు ఉంచితే 6, రేవు మీదుగా గాని దాపున గాని వస్తే 7. తీవ్ర తుఫానుకు ఇదే వరుసలో 8, 9, 10. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోతే 11.

వాతావరణ వార్తల్లో వినిపించే 'నాట్లు' వరినాట్లు కావు. పూర్వం ఓడవారు ముడులు వేసిన తాడును నీటిలోకి వదిలి, ఎన్ని ముడులు జారాయో లెక్కించి ఓడ వేగం తెలుసుకునేవారు. ముడికి ఇంగ్లీషు పేరే నాట్. ఒక నాట్ గంటకు 1.852 కిలోమీటర్లు. గాలి 34 నాట్లకు, అంటే సుమారు 63 కిలోమీటర్లకు చేరితే అది తుఫాను.

1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమ వేలమందిని పోగొట్టుకుంది. నంబర్ల అర్థం ఇంటిల్లిపాదికీ తెలియాలి. వేటకు బయలుదేరే మనిషిని ఆపవలసింది ఒకటో నంబరు నాడే.